సంతకమునకు సాక్ష్యము

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకములో కథ యంతయు ఒక ఉంగరము చుట్టును తిరుగును. నందుల మంత్రియైన రాక్షసుడు కుసుమపురము విడిచిపోవుచు తన భార్యాబిడ్డలను మిత్రుడు చందనదాసుని యింట దాచెను. వాకిటిలోనికి వచ్చిన పసివానిని లోనికి లాగుకొను తొందరలో ఆ యిల్లాలి వ్రేలినుండి రాక్షసుని ముద్దుటుంగరము జారిపడెను. గూఢచారి దానిని తెచ్చి చాణక్యుని చేతిలో పెట్టెను. చాణక్యుడు రాక్షసుని మిత్రుడైన శకటదాసుని చేతనే, అతనికి తెలియకుండ, ఎవరు ఎవరికి పంపుచున్నారో తేలని ఒక లేఖ వ్రాయించి, ఆ ఉంగరముతో ముద్ర వేయించెను. ఐదవ అంకములో ఆ లేఖ మలయకేతుని కంట పడినది. అతడు తెలివితక్కువవాడు కాడు. శకటదాసుని మరియొక వ్రాతను తెప్పించి అక్షరములు సరిపోల్చి చూచెను, ముద్రను పరిశీలించెను. వ్రాత శకటదాసునిదే, ముద్ర రాక్షసునిదే. రెండును నిజమే. వానినుండి అతడు గ్రహించిన సంగతి మాత్రము అబద్ధము. ఆ అబద్ధముచేత అతని రాజ్యాశ మట్టిలో కలిసిపోయినది.

ఈనాడు విదేశములకు పోవు మన పిల్లలు తమ యోగ్యతాపత్రములను, జనన వివాహ పత్రములను సంచిలో పెట్టుకొని సచివాలయము నుండి ఢిల్లీకి, ఢిల్లీలో ఒక కచేరీనుండి మరియొక రాయబార కార్యాలయమునకు త్రిప్పుట చూచినప్పుడు నాకు మలయకేతుడే జ్ఞాపకమునకు వచ్చును. ఆ త్రిప్పటలో ప్రతి అధికారియు చేయునది అతడు చేసిన పనియే. చేవ్రాలు సరిపోల్చి చూచుట, ముద్ర నిజమైనదా కాదా యని చూచుట, అంతవరకే. లోపల వ్రాసినది నిజమా యని అడుగువాడు ఆ వరుసలో ఒక్కడును లేడు. ఈ సంగతి తెలిసినవారికి ఈ తతంగమంతయు సులభముగా అర్థమగును. తెలియనివారికి ఇది వట్టి దండుగగానే తోచును.

పరదేశమునందు పత్రమునకు గౌరవ మెట్లు కలుగునన్న ప్రశ్న క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో ముద్రాధ్యక్షుడను ఉద్యోగి యున్నాడు. జనపదములోనికి రావలెనన్నను వెలికి పోవలెనన్నను అతని ముద్ర కావలెను. దానికి రుసుము ఒక మాషకము. ముద్ర లేక పట్టుబడినచో పండ్రెండు పణముల జరిమానా. దొంగముద్ర అయినచో అంతకు మించిన దండనము. మన వేంగీ చాళుక్యుల తామ్రశాసనములు చూడుడు. రేకులను ఒక వలయమునకు గ్రుచ్చి, ఆ వలయపు కొనలు కలియుచోట వరాహలాంఛనముతో, 'శ్రీ త్రిభువనాంకుశ' అను అక్షరములతో ముద్ర పోసెడివారు. రేకు మార్చవలెనన్నచో వలయము తెగవలెను. వలయము తెగినచో మోసము బయటపడును. దానము పుచ్చుకొన్న బ్రాహ్మణుని మనుమడు నూరేండ్ల తరువాత మరియొక రాజు కొలువునకు పోయినను ఆ ముద్దయే అతనికి సాక్షి.

కాని అది ఒకే రాజ్యమునందలి మాట. రాజ్యము దాటినచో మీ రాజముద్ర యెట్లుండునో అవతలివాడెరుగడు. కువైటులోని ఉద్యోగికి జగిత్యాల సబ్‌రిజిస్ట్రారు చేవ్రాలు ఎట్లు తెలియును? తెలియదు. కావున అతడు తనకు తెలిసిన చేవ్రాలు ఒకటి అడుగును. తెలిసినవానికి తెలిసినవాడు, అతనికి తెలిసిన మరియొకడు, ఇట్లు ఒక గొలుసు అల్లవలసి వచ్చుచున్నది. దీనినే రాయబార కార్యాలయముల భాషలో 'లీగలైజేషన్' అందురు. మనవారు 'ఎంబసీ అటెస్టేషన్' అందురు.

ఒక ఉదాహరణము తీసికొందము. కువైటులో ఉద్యోగము చేయుచున్న యువకుడు తన భార్యను అచ్చటికి రప్పించుకొనదలచెను. వివాహ ధ్రువపత్రము కావలెను. మన రాష్ట్రమున వివాహములు తప్పనిసరిగా నమోదు కావలెనని 2002లో చట్టము వచ్చినది. సుప్రీంకోర్టు 2006లో దేశమంతటికిని అదే చెప్పినది. అయినను పురోహితుడు వ్రాసిన లగ్నపత్రికయు, పెండ్లి ఫోటోలును చాలునని ఊరకుండు కుటుంబములు నేటికిని కలవు. విమానపు టిక్కెట్టు కొనబోవు వేళ వారు రిజిస్ట్రారు కచేరీకి పరుగెత్తుదురు. సరే, పత్రము వచ్చినది. దానిపై సబ్‌రిజిస్ట్రారు సంతకము నిజమని రాష్ట్ర ప్రభుత్వపు సామాన్య పరిపాలనశాఖగాని హోంశాఖగాని ధ్రువీకరింపవలెను. అది చదువుల పత్రమైనచో ఈ పని విద్యాశాఖది. వర్తకపు పత్రమైనచో వాణిజ్యమండలిది. ఆ రాష్ట్రాధికారి సంతకము నిజమని భారత విదేశాంగ మంత్రిత్వశాఖ చెప్పవలెను. విదేశాంగశాఖ వారి సంతకము నిజమని ఢిల్లీలోని కువైటు రాయబార కార్యాలయము చెప్పవలెను. ఆ రాయబార కార్యాలయపు ముద్ర తమదేనని కువైటులోని విదేశాంగశాఖ చెప్పవలెను. అప్పటికి గొలుసు పూర్తియైనది. ఆ దంపతులకు పెండ్లి అయినదను సంగతిని చూచి చెప్పినవాడు మొదటి సబ్‌రిజిస్ట్రారు ఒక్కడే. తక్కిన నలుగురును ఒకరి సంతకమును ఒకరు చూచిన వారు.

ఢిల్లీలో ఈ రాయబార కార్యాలయములలో పెక్కు చాణక్యపురిలోనే యున్నవి. అచ్చట చంద్రగుప్తుని పేర ఒక మార్గమును ఉన్నది. ఆ పేర్లు పెట్టినవారికి ముద్రారాక్షసము జ్ఞాపకమున్నదో లేదో గాని, ముద్రలు పరీక్షించు పేటకు అంతకంటె తగిన పేరు దొరకదు.

మన విదేశాంగశాఖవారు ఈ సంగతిని దాచలేదు. రాష్ట్రాధికారుల సంతకమును, ముద్రను ఆధారము చేసికొనియే తాము ధ్రువీకరింతుమనియు, పత్రములోని విషయమునకు తమ పూచీ లేదనియు వారు స్పష్టముగానే ప్రకటించియున్నారు. ఇది బాధ్యతను తప్పించుకొనుట కాదు. ఒక పట్టణమునందలి పిల్లవాడు గణితములో ఎన్ని మార్కులు తెచ్చుకొన్నాడో ఢిల్లీ ఉద్యోగి యెట్లు చెప్పగలడు? చెప్పవలసినవాడు చెప్పినాడు, అతడు చెప్పినది అతని మాటయే యని మాత్రమే ఢిల్లీ చెప్పగలదు.

ఇరువదవ శతాబ్దమున రాజ్యములు పెరిగినవి, ప్రయాణములు పెరిగినవి, ఈ గొలుసు బరువు భరింపరానిదైనది. హేగు నగరమునందు 1961వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన కొన్ని దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. ఒప్పందమునందు చేరిన దేశములు పరస్పరము రాయబార కార్యాలయపు ముద్రను అడుగరాదు. పత్రము పుట్టిన దేశమునందే నియమింపబడిన అధికారి ఒక చతురస్రపు చీటీని అంటించినచో చాలును. ఆ చీటీ పేరే 'అపోస్టిల్'. ఇది ఫ్రెంచి మాట. గ్రంథపు అంచున వ్రాసిన చిన్న వ్యాఖ్య అని దీని పాత అర్థము. మన తాళపత్రములలో పండితులు అంచులయందు గీకిన టిప్పణి వంటిదన్నమాట. ఒడంబడిక 1965 జనవరి 24 నుండి అమలులోనికి వచ్చినది.

ఆ చీటీ స్వరూపమును కూడ ఒడంబడికయే నిర్ణయించినది. ప్రక్క ఒక్కొక్కటి 9 సెంటీమీటర్లకు తక్కువ కాగూడదు. అందులో పది అంశములుండును: ఏ దేశము, ఎవరు సంతకము చేసిరి, ఏ హోదాలో చేసిరి, ఎవరి ముద్ర ఉన్నది, తరువాత ఎచ్చట, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించిరి, సంఖ్య యెంత, ముద్ర, సంతకము. తక్కినవి ఏ భాషలోనున్నను శీర్షిక మాత్రము ఫ్రెంచిలోనే యుండవలెను. ఎనిమిదవ అంశమైన సంఖ్యను సామాన్యులు పట్టించుకొనరు గాని, ప్రాణమంతయు అందులోనే యున్నది. చీటీ ఇచ్చిన ప్రతి కచేరియు ఒక పట్టిక వ్రాయవలెను. అవతలి దేశపువాడు ఆ సంఖ్య చెప్పి 'ఇది మీరిచ్చినదేనా?' యని అడిగినచో పట్టిక చూచి జవాబీయవలెను. వేంగీ రాజుల వలయము చేసిన పనిని ఇప్పుడు ఈ పట్టిక చేయుచున్నది.

భారతదేశము ఈ ఒడంబడికలో 2004లో చేరినది. 2005 జూలై 14 నుండి మనకు అది వర్తించుచున్నది. అనగా నలువది యేండ్ల ఆలస్యము. చేరగానే అన్ని దేశములును మనలను అంగీకరించినవనుకొనరాదు. క్రొత్తగా చేరినవారి విషయమున పాతవారు ఆక్షేపణ తెలుపవచ్చునని ఒడంబడికలోనే యున్నది; జర్మనీ మొదలైన కొన్ని దేశములు అట్లే తెలిపినవి. తరువాత కొన్ని దేశములు దానిని ఉపసంహరించుకొన్నవి. ఆక్షేపణకు కారణము అర్థమగుచునే యున్నది. చివరి ముద్ర ఎంత గట్టిదైనను, మొదటి సంతకముపై నమ్మకము లేనిచో గొలుసునకు విలువ యేమి? జర్మనీ అంతటితో ఆగలేదు. చదువునకై అచ్చటికి పోవు మన విద్యార్థులలో అత్యధికులు 2022 నవంబరు నుండి తమ మార్కుల పత్రములను ఢిల్లీలోని 'ఏ.పి.ఎస్.' అను సంస్థచేత పరీక్షింపజేసికొని ధ్రువపత్రము పొందవలసి వచ్చినది. ఇది సంతకపు పరీక్ష కాదు, విషయపు పరీక్ష. మలయకేతునికి ఆ ఆలోచన వచ్చియుండినచో నాటకము వేరుగా ముగిసియుండెడిది.

ఇప్పుడు ఒడంబడికలో 120కి పైగా దేశములున్నవి. గల్ఫుదేశములలో ఒమాన్ 2012లోను, బహ్రెయిన్ 2013లోను, సౌదీ అరేబియా 2022 డిసెంబరులోను దీని పరిధిలోనికి వచ్చినవి. కెనడాకు 2024 జనవరి నుండి వర్తించినది. కువైటు, కతర్, యు.ఏ.ఇ. మాత్రము 2024 నాటికి చేరలేదు. ఆ మూడు దేశములకు పాత గొలుసే గతియైనది. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల నుండియు, కడప, గోదావరి జిల్లాల నుండియు పోవు కార్మికులకు ఈ వ్యత్యాసము పుస్తకములోని సంగతి కాదు. సౌదీకి పోవువాని కాగితమునకు విదేశాంగశాఖ అంటించు చీటీ చాలును. కువైటుకు పోవు అతని తమ్ముని కాగితము చాణక్యపురి గడప కూడ ఎక్కవలెను. ఒకే యింట ఇద్దరికి రెండు దారులు.

విదేశాంగశాఖ అపోస్టిల్‌కు పుచ్చుకొను రుసుము పత్రమునకు 50 రూపాయలు. మధ్యవర్తి సంస్థల సేవా రుసుము వేరు. కాగితము ఇంగ్లండుకు పోయినను ఇటలీకి పోయినను అంతే. ఇంత స్వల్పమైన రుసుమునకు వేలకు వేలు వసూలుచేయు దళారీలు ప్రతి పట్టణమునను ఉన్నారు. పనికి తోడ్పడి కూలి పుచ్చుకొనుట తప్పు కాదు. అసలు పత్రములు చేత చిక్కించుకొని బేరమాడుట, దొంగచీటీ అంటించి పంపుట తప్పు. ఆ దొంగచీటీ అవతలి దేశములో పట్టుబడినపుడు జైలునకు పోవువాడు దళారీ కాడు. 2019 నుండి విదేశాంగశాఖ ఈ పనిని ఢిల్లీకే పరిమితము చేయక హైదరాబాదు, చెన్నై మొదలైన నగరములలోని తన కచేరీలకు కూడ అప్పగించినది. రాష్ట్రపు మొదటి మెట్టు దాటినచో ఢిల్లీ ప్రయాణము చాలమందికి తప్పినది. ఈ వార్త పల్లెలకు ఇంకను చేరవలసియున్నది.

ఇంతవరకు చెప్పినది కచేరీల మాట. ఉపాధ్యాయులకు ముఖ్యముగా చెప్పదలచినది వేరే యున్నది.

ఈ గొలుసునకు మొదటి కడియము ఎచ్చట పుట్టుచున్నది? పాఠశాలలో, ప్రవేశపు రిజిస్టరులో. తల్లి వ్రేలు పట్టుకొని వచ్చిన పిల్లవాని పేరును, పుట్టిన తేదీని ప్రధానోపాధ్యాయుడు వ్రాసిన నాడు పుట్టుచున్నది. మన గ్రామములలో చాలకాలము పుట్టిన తేదీ చెప్పగల తల్లిదండ్రులు అరుదు. 'గాలివాన వచ్చిన యేడు', 'పెద్ద తిరునాళ్ళకు ముందు' అని చెప్పెడివారు. పంతులుగారు దయతో లెక్కకట్టి జూన్ ఒకటనియో జూలై ఒకటనియో వేసెడివారు. ఒక తరగతిలో సగముమంది ఒకేనాడు పుట్టినట్లుండుటకు కారణమిదే. ఆ తేదీ పదవ తరగతి పత్రములోనికి ఎక్కును, దానినుండి పాస్‌పోర్టులోనికి, అటనుండి వీసాలోనికి ఎక్కును. ఎవరును దానిని మరల పరీక్షింపరు. ఎందుకనగా గొలుసులోని ప్రతివాడును చూచునది సంతకమే. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లల పాస్‌పోర్టులకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారమని ఇప్పుడు నియమము వచ్చినది. అంతకు ముందువారి విషయమున పంతులుగారి కలమునకు నేటికిని బలమున్నది.

తేదీకంటె పేరు మరింత చిక్కు. తెలుగు చెప్పుకొని బ్రదుకువాడనగుటచేత ఈ విషయమున నాకు కొంత పట్టుదల కలదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాస్‌పోర్టులో రెండు గడులున్నవి. ఒకటి సొంతపేరునకు, ఒకటి ఇంటిపేరునకు. పాఠశాలలో ఇంటిపేరును ఒక పొడి అక్షరముగా వ్రాసి వదలిపెట్టుదుము. ఆ పొడి అక్షరము పాస్‌పోర్టులో విడివడి పూర్తిపేరగును. డిగ్రీ పత్రములో అక్షరముగానే మిగులును. పరదేశపు గుమాస్తాకు ఇవి ఇద్దరు మనుష్యులు. కొందరి పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగానే యుండిపోవును. ఒక్క పేరే యున్న పాస్‌పోర్టుతో సందర్శకులుగా వచ్చువారిని అనుమతింపమని యు.ఏ.ఇ. 2022 నవంబరులో ప్రకటించినపుడు మనవారు విమానాశ్రయములలో గాభరాపడిరి. పాస్‌పోర్టులో తండ్రిపేరుగాని ఇంటిపేరుగాని మరియొక పుట యందున్నచో చాలునని తరువాత సడలింపు వచ్చినది.

ఇక అక్షరముల మాట. 'లక్ష్మి' అను పేరును ఇంగ్లీషులో ఒకచోట 'కె-ఎస్-హెచ్'తోను, మరియొకచోట ఒక్క 'ఎక్స్'తోను వ్రాయుదురు. 'త'కారమునకు ఒకరు 'టి' మాత్రమే వ్రాయుదురు, ఒకరు 'టి-హెచ్' వ్రాయుదురు. తెలుగులో చదివినచో ఒకే పేరు. చెవికి ఒకే పేరు. కాని కువైటులోనివాడు చెవితో వినడు, అక్షరములు లెక్కపెట్టును. తల్లిపేరు పిల్లవాని జనన పత్రములో ఒకవిధముగను, ఆమె వివాహ పత్రములో మరియొకవిధముగను ఉన్నచో, ఆ తల్లి తన బిడ్డకు తల్లినని నిరూపించుకొనవలసి వచ్చును. ఎంత విపరీతము! అప్పుడు మరల మొదటికి రావలెను: పాఠశాలకు, ప్రధానోపాధ్యాయుని కడకు, పరీక్షలబోర్డునకు. ఆ ప్రధానోపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసియుండును. బడి మూతపడియుండిననుకూడ ఆశ్చర్యము లేదు. ఈలోగా ఉద్యోగమిచ్చువాడు వేచియుండడు.

ఊళ్ళ పేర్లలోను ఇట్టి చిక్కే కలదు. జగిత్యాలలో పుట్టినవాని పాత పత్రములపై కరీంనగరము జిల్లా యని యుండును. 2016 అక్టోబరు నుండి జగిత్యాలయే ఒక జిల్లా. 2014 జూన్‌కు ముందు వరంగల్లులో చదివినవాని పత్రముపై ఆంధ్రప్రదేశమను పేరుండును. ఇందులో అబద్ధమేమియు లేదు. పత్రము ఏనాటిదో ఆనాటి పేరు దానిపై నుండును. కాని పత్రము పట్టుకొని పోవువాడు ఆ సంగతి చెప్పగలిగియుండవలెను. ఈ చరిత్రను సాంఘికశాస్త్రపు పాఠములో ఒక్క పావుగంట చెప్పినచో చాలును.

మరియొక చిన్న సంగతి. యోగ్యతాపత్రము చేతికి రాగానే దానికి ప్లాస్టిక్కు పొర వేయించుట మనవారికి గొప్ప వేడుక. పొర వేసిన కాగితము వెనుక ముద్ర యెట్లు పడును, సంతకమెట్లు నిలుచును? పొర ఊడదీయబోయి అక్షరములు చెరిగి, నకలు పత్రమునకై విశ్వవిద్యాలయము చుట్టును తిరిగినవారు కలరు. మరియు ఈ ముద్రలన్నియు వేయించినంతమాత్రమున మన డిగ్రీ వారి డిగ్రీతో సమానమని వారు ఒప్పుకొన్నట్లు కాదు. సమానత నిర్ణయము వేరే శాఖవారి పని, దానికి వేరే దరఖాస్తు.

ఈ కాగితముల కొరతవలన కలుగు బాధ వీసా ఆలస్యముతో ముగియదు. గల్ఫులో ఒక కార్మికుడు మరణించినచో అతనికి రావలసిన జీతపు బాకీని, పరిహారమును తెచ్చుకొనుటకు ఇచ్చటి వారసులు అధికారపత్రము వ్రాసి, ధ్రువీకరింపజేసి పంపవలసియుండును. భర్తపోయిన దుఃఖములో నున్న స్త్రీ, వివాహము నమోదు కానిదగుట చేతను, పేరులో ఒక అక్షరము తేడాచేతను కచేరీల వసారాలలో నెలలు గడుపుట కంటె కఠినమైనది మరియొకటి లేదు. పేరు వ్రాసినవారికి అది ఒక అక్షరమే.

ఇప్పుడు పత్రములను కంప్యూటరులోనే పరీక్షించి, కాగితము పోస్టులో తిరుగకుండ ధ్రువీకరించు ఏర్పాటును ప్రభుత్వము చేసినది. దానికి 'ఈ-సనద్' అని పేరు. 'సనదు' మన పాతకచేరీ మాట. అరబ్బీనుండి పారసీకముద్వారా వచ్చినది. నకలు కూడ ఆ దారినే వచ్చినది. దస్తావేజు, మొహరు మాత్రము పారసీకపు మాటలే. అరబ్బుదేశములకు మన కాగితములు పోవుటకు ముందే వారి మాట మన కచేరీలలో కాపురము పెట్టినది. పత్రమిచ్చిన సంస్థయొక్క అసలు లెక్క కంప్యూటరులో నుండినచో ఈ ఏర్పాటువలన సంతకమునే గాక విషయమునుకూడ సరిచూడవచ్చును. మేలిదే. కాని పాత రిజిస్టరులలోని పేర్లు, తేదీలు ఎట్లున్నవో అట్లే కంప్యూటరులోనికి ఎక్కినవి.

కాగితములు ఇటునుండి అటు పోవుటయేకాక అటునుండి ఇటును వచ్చుచున్నవి. అమెరికాలో స్థిరపడిన కుమారుడు గుంటూరు జిల్లాలోని పొలము అమ్ముటకు తండ్రికో తమ్మునికో అధికారపత్రము వ్రాసి పంపును. ఇచ్చటి సబ్‌రిజిస్ట్రారుకు ఆ దేశపు నోటరీ ఎవరో తెలియదు. ఇప్పుడు కువైటు గుమాస్తా పాత్ర మన సబ్‌రిజిస్ట్రారుది. ఆ కుమారుడు అచ్చటి భారత కాన్సల్ ఎదుటనే సంతకము చేయవచ్చును. 1948 నాటి చట్టము మన కాన్సలులకు నోటరీ చేయు పనులన్నియు చేయు అధికారమిచ్చినది. లేదా అచ్చటి నోటరీ యెదుట సంతకముచేసి అపోస్టిల్ వేయించి పంపవచ్చును. ఏ దారిని వచ్చినను, కాగితము భారతదేశమునకు చేరిన మూడు నెలలలోపల దానికి ఇచ్చటి స్టాంపు చెల్లింపవలెను. కవరుమీది తేదీని చూపుట కొరకు దానిని కూడ భద్రపరచుకొనుట మంచిది.